పరీక్షకు పొరుగువాడి గింజలా?



ఏటా వెలువడే ఈ సంచికలో కవితలుంటాయి, కథలుంటాయి, విద్యార్థి సంఘం నివేదిక ఉంటుంది, ఆటల పోటీల ఫలితాలుంటాయి. వాటి మధ్య సాఫ్ట్‌వేరు తయారీలో పరీక్షల కోసం వాడే డేటా గురించి ఒక వ్యాసమేమిటని సాహిత్యాభిమానులు నొసలు చిట్లించవచ్చు. కాని నేను రాయబోయేది కంప్యూటరు విభాగం నాలుగు గోడల మధ్య ముగిసిపోయే సంగతి కాదు. మీ పేరు, మీ ఫోను నంబరు, మీ నాన్నగారి పొలం సర్వే నంబరు, మీ అమ్మగారి బ్యాంకు ఖాతా ఎవరెవరి చేతుల్లో, ఏ పని మీద తిరుగుతున్నాయన్న సంగతి ఇది. అంచేత ఆర్ట్సు మిత్రులు కూడా పేజీ తిప్పేయకుండా చివరిదాకా చదవాలని మనవి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒక ప్రోగ్రామును పరీక్షించడానికి వాడే డేటాను ఆ ప్రోగ్రాము రాసేవాళ్ళే స్వయంగా తయారు చేసుకోవాలి. దాన్ని ప్రోగ్రాముతో పాటే దాచుకోవాలి. పరీక్ష జరిగిన ప్రతిసారీ ఖాళీ నేలలో కొత్తగా చల్లి, పరీక్ష కాగానే దున్నేయాలి. అలా చేయకుండా, ఎవరివో అసలు వివరాలను కాపీ తెచ్చి పరీక్షలకు పెట్టడం శాస్త్రరీత్యా బద్ధకం, నీతిరీత్యా తప్పు. ఈ మాట నేనెందుకు ఇంత గట్టిగా అంటున్నానో వివరిస్తాను.

బిల్డు అంటే ఏమిటి?

పెద్ద ప్రోగ్రామును ఒక్కరు రాయరు. పదిమందో వందమందో కలిసి రాస్తారు. ఎవరు ఏ పంక్తి మార్చినా ఆ మార్పు గిట్ అనే ఉమ్మడి భాండారంలో చేరుతుంది. చేరిన మరుక్షణం ఒక యంత్రం తనంత తానే మేలుకుని, ప్రోగ్రామంతటినీ మళ్ళీ మొదటి నుంచి కూర్చి, వందలు వేలు చిన్న చిన్న పరీక్షలు నడుపుతుంది. అన్నీ నెగ్గితే పచ్చ గుర్తు, ఒక్కటి ఓడినా ఎర్ర గుర్తు. ఈ కూర్పునే బిల్డు అంటారు. జెంకిన్సు వంటి సాధనాలు దీనికోసమే పుట్టాయి. మనిషి నిద్రపోతున్నా యంత్రం కాపలా కాస్తుందన్నమాట. ఇంతవరకూ బాగానే ఉంది.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, డేటాబేసు దగ్గర. ప్రోగ్రామును ఎన్నిసార్లు కూర్చినా కొత్తగానే పుడుతుంది. డేటాబేసు అలా కాదు, దానికి జ్ఞాపకం ఉంటుంది. ఒక చిన్న ఉదాహరణ చూడండి. ఖాతాలో 1,000 రూపాయలున్నాయి. అందులోంచి 500 తీస్తే 500 మిగలాలి. ఇది పరీక్ష. మొదటిసారి నడిపితే 500 మిగిలింది, పచ్చ గుర్తు. రెండోసారి నడిపితే సున్నా మిగిలింది, ఎర్ర గుర్తు. మూడోసారి నడిపితే డబ్బే లేదు. ప్రోగ్రాములో తప్పు లేదు, పరీక్ష రాసిన లెక్కలో తప్పు లేదు. నిన్నటి పరీక్ష వదిలిపోయిన ఎంగిలి విస్తరి మీద ఇవాళ్టి భోజనం వడ్డించారు, అంతే.

పదిమందికీ కలిపి ఒకే పరీక్షా డేటాబేసు పెట్టే చోట జరిగేది ఇదే. ఒకరు చెరిపేసిన వరుస ఇంకొకరి పరీక్షకు ఆధారం. ఉదయం నెగ్గింది సాయంత్రం ఓడుతుంది, మళ్ళీ నడిపితే నెగ్గుతుంది. కొన్నాళ్ళకు అందరికీ అలవాటైపోతుంది. "ఆ ఎర్ర గుర్తు మామూలే, ఇంకోసారి నొక్కు" అంటారు. ఈ మాట ఎవరి నోటి నుంచి వచ్చినా ఆ కాపలాకు విలువ పోయినట్లే. నాన్నా పులి కథ మనం మూడో తరగతిలోనే చదువుకున్నాం కదా! అసలు పులి వచ్చిన రోజున ఎవరూ తిరిగి చూడరు.

రైతు చేసే పరీక్ష

మాది వ్యవసాయ కుటుంబం. విత్తనం కొన్న తరువాత రైతు చేసే మొదటి పని ఏమిటో మీలో చాలామందికి తెలుసు. వంద గింజలు లెక్కపెట్టి తడి గోనెపట్టాలో చుట్టి పెడతాడు. కొన్ని రోజులకు విప్పి మొలకలు లెక్క పెడతాడు. విత్తన ధ్రువీకరణ ప్రమాణాల ప్రకారం వరికి కనీసం 80, వేరుశనగకు కనీసం 70 మొలవాలి. గోనెపట్టాలో వంద గింజలు పోతే పోయాయి, ఎకరం పొలం పోదు. ఈ లెక్క నిరక్షరాస్యుడైన రైతుకూ తెలుసు.

ఈ పరీక్షలో గమనించవలసినవి మూడున్నాయి. గింజలు లెక్కపెట్టి వేశాడు, కనుక ఎన్ని మొలవాలో ముందే తెలుసు. గోనెపట్టా శుభ్రంగా ఉంది, పాత మొలకలు అందులో లేవు. గింజలు తనవి, పక్క రైతు గాదెలోంచి అడక్కుండా తెచ్చినవి కావు. సాఫ్ట్‌వేరు పరీక్షకు కావలసిన డేటాకు కూడా సరిగ్గా ఈ మూడు లక్షణాలే ఉండాలి. ప్రోగ్రామర్లు ఈ డేటాను 'సీడ్' అనే పిలుస్తారు. పేరైతే పెట్టారు గాని, రైతుకున్న శ్రద్ధ అందరికీ లేదు.

నాలుగు కట్టుబాట్లు

ఈ శ్రద్ధను నాలుగు కట్టుబాట్లుగా చెప్పుకోవచ్చు. ఇవి నేను కనిపెట్టినవి కావు. ప్రపంచంలో మంచి పనివాళ్ళు చాలాకాలంగా పాటిస్తున్నవే.

మొదటిది, ఖాళీ నేల నుంచి మొదలుపెట్టడం. డేటాబేసులో పట్టికల రూపురేఖలు కాలక్రమేణా మారుతుంటాయి. ఈ ఏడు ఫోను నంబరుకు గడి చేర్చాం, వచ్చే ఏడు చిరునామాను రెండు గడులుగా విడగొట్టాం. ప్రతి మార్పునూ ఒకటి, రెండు, మూడు అని సంఖ్య వేసి చిన్న ఫైలుగా రాసిపెట్టుకోవాలి. ఫ్లైవే, లిక్విబేస్ వంటి సాధనాలు చేసే పని ఇదే. బిల్డు మొదలైనప్పుడు ఏమీలేని డేటాబేసు తీసుకుని ఈ ఫైళ్ళన్నీ వరుసగా నడిపితే ఇవాళ్టి రూపం తయారవుతుంది. ఆ ఫైళ్ళలో తప్పుంటే అది కూడా అక్కడికక్కడే బయటపడుతుంది. ఎవరో ఒకరు రాత్రిపూట చేత్తో మార్చి ఎవరికీ చెప్పకుండా పోయే పద్ధతి దీనితో ఆగిపోతుంది.

రెండవది, విత్తనం ప్రోగ్రాముతో పాటే ఉండాలి. పరీక్షా డేటాను తయారుచేసే ఫైళ్ళు ప్రోగ్రాము ఉన్న భాండారంలోనే ఉండాలి. అప్పుడు ఆరు నెలల క్రితపు ప్రోగ్రామును బయటికి తీస్తే దానితో పాటు ఆరు నెలల క్రితపు విత్తనమే వస్తుంది. ఎవరు ఏ వరుస ఎందుకు చేర్చారో కూడా చరిత్రలో నిలిచి ఉంటుంది.

మూడవది, ఎడం. విత్తనోత్పత్తి చేసే వరి మడికీ పక్క రకం మడికీ మధ్య కనీసం 3 మీటర్ల ఎడం ఉండాలని నియమం. లేకపోతే రకాలు కలిసిపోతాయి, బెరుకులు వస్తాయి. పరీక్షలకూ ఎడం కావాలి. ప్రతి పరీక్షనూ ఒక ట్రాన్సాక్షనులో నడిపి, కాగానే రోల్‌బ్యాక్ చేస్తే డేటాబేసు మళ్ళీ ముందటి స్థితికి వస్తుంది. కాని ఇందులో ఒక మెలిక ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో వరుసలకు నంబర్లిచ్చే సీక్వెన్సు రోల్‌బ్యాక్‌తో వెనక్కి రాదు. కనుక "కొత్త విద్యార్థి నంబరు 1 అయి ఉండాలి" అని ఆశించే పరీక్ష రెండోసారికే ఓడిపోతుంది. నంబర్ల మీద పందెం కాయకూడదన్నది దీనిలో నీతి. ఒకేసారి నాలుగు బిల్డులు నడిచే చోట ఒక్కొక్క దానికి ఒక్కొక్క డేటాబేసు ఇవ్వాలి. ఒకప్పుడు ఇది ఖర్చుతో కూడిన పని. 2013లో డాకర్ వచ్చిన తరువాత ఒక డేటాబేసు సర్వరును కొద్ది క్షణాల్లో పుట్టించి, పని కాగానే పారేయడం విద్యార్థి లాప్‌టాపులో కూడా సాధ్యమైంది. పోస్ట్‌గ్రెస్‌లోనైతే విత్తనం చల్లిన డేటాబేసును మూసగా పెట్టుకుని దాని నుంచి నకళ్ళు తీసుకోవచ్చు. పరీక్షలను రోజుకో వరుసలో కలగాపులగంగా నడిపిస్తే, ఒకదాని మీద ఒకటి ఆధారపడ్డవి వాటంతటవే దొరికిపోతాయి.

నాలుగవది, నేల ఒకటే కావాలి. అసలు పని పోస్ట్‌గ్రెస్‌లో చేస్తూ, పరీక్షలు మాత్రం తేలికగా ఉంటుందని ఎస్‌క్యూలైట్‌లో నడిపేవాళ్ళున్నారు. పది అక్షరాలకు మించకూడదని రాసిన గడిలో నలభై అక్షరాలు పెట్టినా ఎస్‌క్యూలైట్ మారు మాట్లాడకుండా తీసుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు. నల్లరేగడిలో మొలిచిందని చవిటి నేలలోనూ మొలుస్తుందనుకుంటే ఎలా?

అసలు డేటాతో వచ్చే అనర్థం

"ఇంత శ్రమ ఎందుకు? అసలు డేటాబేసును రాత్రికి కాపీ చేసి తెచ్చుకుంటే పోలా?" అని అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఈ వ్యాసం రాయడానికి నన్ను పురికొల్పింది ఆ ప్రశ్నే.

అసలు డేటాబేసుకు కాపలా ఉంటుంది. తాళాలుంటాయి, ఎవరు చూశారో రాసే పద్దు ఉంటుంది. పరీక్షా డేటాబేసుకు అవేవీ ఉండవు. దాని పాస్‌వర్డు అందరికీ తెలుసు. నిన్న చేరిన ట్రైనీ దగ్గరా ఉంటుంది, మొన్న మానేసినవాడి లాప్‌టాపులోనూ ఉంటుంది. ఇనప్పెట్టెలోని నగలను తీసుకొచ్చి, కొలతలు చూడడానికే కదా అని అరుగు మీద పెట్టినట్లు! కార్డు చెల్లింపుల పరిశ్రమ తన భద్రతా ప్రమాణాల్లో, అసలు వ్యవస్థకున్నంత కాపలా లేని చోట నిజమైన కార్డు నంబర్లతో పరీక్షలు చేయకూడదని స్పష్టంగా రాసింది. మన దేశంలో 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో దాని నియమాలు వెలువడ్డాయి. దశలవారీగా అమలుకు వచ్చే ఈ చట్టానికి మూల సూత్రం ఏమిటి? ఏ పనికని చెప్పి మనిషి దగ్గర వివరాలు తీసుకున్నారో ఆ పనికే వాడాలి. ఫీజు రాయితీ కోసం నేనిచ్చిన ఆదాయ ధ్రువపత్రం, ఎవరిదో ప్రోగ్రాము సరిగ్గా నడుస్తుందో లేదో చూసుకోవడానికి ఇచ్చింది కాదు.

నా అనుభవంలోది ఒకటి చెబుతాను. కిందటేడు ఒక ఆర్థిక సంస్థ నుంచి మా నాన్న ఫోనుకు రాత్రి పదకొండు గంటలకు మెసేజి వచ్చింది. ఆయన పేర ఉన్న రుణం 99,999 రూపాయలు బాకీ పడిందని, వెంటనే కట్టాలని. మా నాన్నకు ఆ సంస్థలో ఉన్న రుణం అంతకు ముందే తీరిపోయింది. రసీదు కూడా ఉంది. అయినా ఆ రాత్రి ఆయన నిద్రపోలేదు. తెల్లవారగానే పొలానికి నీళ్ళు పెట్టాల్సిన పని మానుకుని బస్సెక్కి పట్నం వెళ్ళాడు. కౌంటరులోని అబ్బాయి కంప్యూటరు చూసి నవ్వి, "ఏం లేదు పెద్దాయనా, అది టెస్టింగు మెసేజి, పట్టించుకోకండి" అన్నాడట. వాళ్ళకది టెస్టింగు. మా ఇంట్లో అది ఒక రాత్రి నిద్ర, ఒక రోజు పని, ఊళ్ళో నలుగురి ముందూ పోయిన పరువు. అసలు ఫోను నంబరు పరీక్షా డేటాలో ఎందుకు ఉండాలి? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పగలవాళ్ళు నాకింతవరకూ కనబడలేదు.

ఇలాంటివి పెద్ద పెద్దవాళ్ళకూ తప్పలేదు. 2021 జూన్ 17న అమెరికాలో హెచ్‌బీఓ మాక్స్ అనే సంస్థ నుంచి ఎందరో చందాదారులకు 'ఇంటిగ్రేషన్ టెస్టు ఈమెయిలు 1' అనే శీర్షికతో ఒక ఖాళీ ఉత్తరం వెళ్ళింది. పరీక్ష కోసం రాసుకున్నది నిజమైన మనుషులకు చేరిపోయింది. అదృష్టవశాత్తూ దానిలో ఏమీ లేదు కనుక లోకం నవ్వుకుని ఊరుకుంది. దానిలో బాకీ నోటీసు ఉండి ఉంటే నవ్వేవారా? పరీక్షల్లో వాడుకోవడానికని ఎగ్జాంపుల్ డాట్ కామ్ వంటి చిరునామాలను 1999లోనే ఇంటర్నెట్ ప్రమాణాల్లో విడిగా కేటాయించి పెట్టారు. అక్కడికి ఎన్ని ఉత్తరాలు పంపినా ఎవరి గుమ్మమూ తట్టవు. వాడుకోవడానికి మనకేం అడ్డం?

"పేర్లు చెరిపేసి వాడతాం" అనేవాళ్ళు కూడా ఉన్నారు. పేరు చెరిపితే మనిషి మాయమవుతాడనుకోవడం పొరపాటు. లటాన్యా స్వీనీ అనే శాస్త్రవేత్త 1990 నాటి అమెరికా జనాభా లెక్కలను పరిశీలించి, పిన్‌కోడు వంటి అయిదంకెల తపాలా సంఖ్య, పుట్టిన తేదీ, ఆడా మగా అన్న మూడు వివరాలు చాలు, అక్కడి జనాభాలో 87 శాతం మందిని విడివిడిగా గుర్తుపట్టవచ్చని తేల్చారు. మన ఊళ్ళలో అంత కూడా అక్కరలేదు. ఫలానా సర్వే నంబరు, మూడెకరాల ఇరవై సెంట్లు, మిర్చి అంటే చాలు, రచ్చబండ మీద కూర్చున్న ఏ తాతయ్యైనా పేరు చెప్పేస్తాడు.

అవతలి పక్షం వాదన

అవతలివాళ్ళ మాటలో న్యాయం లేదని నేననను. వాళ్ళు చెప్పేది ఇది: "మీరు కూర్చుని రాసుకునే డేటా మరీ శుభ్రంగా ఉంటుంది. రాముడు, సీత, 9999999999. నిజమైన మనుషుల డేటాలో ఉండే వంకర టింకరలు అందులో ఉండవు. నిజమైన తప్పులు నిజమైన డేటాతోనే బయటపడతాయి."

వాళ్ళకు అండగా ఒక సంఘటన కూడా ఉంది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు ఏ సర్వరు మీద ఉన్నాడో పొరబడి అసలు డేటాబేసు ఫైళ్ళనే చెరిపేశాడు. దాదాపు 300 గిగాబైట్లు పోయాయి. వెనక నిల్వ ఉండాలి కదా అని చూస్తే, ఆ నిల్వ తీసే ప్రోగ్రాము వెర్షను తేడా వల్ల చాలాకాలంగా పనే చేయడం లేదు. చివరకు వాళ్ళను ఆదుకున్నది ఏమిటో తెలుసా? ఆరు గంటల ముందు పరీక్షా సర్వరులో పెట్టడానికని చేత్తో తీసిన ఒక కాపీ! దానితోనే సంస్థ మళ్ళీ లేచి నిలబడింది. ఆరు గంటల డేటా మాత్రం పోయింది. జరిగినదంతా దాచకుండా లోకానికి చెప్పుకున్న ఆ సంస్థ నిజాయితీ మెచ్చుకోదగినదే.

కాని మిత్రులారా, దీని నుంచి నేర్చుకోవలసినది "అసలు డేటాను పరీక్షకు తెచ్చుకోండి" అనా, లేక "వెనక నిల్వలు సరిగ్గా ఉన్నాయో లేదో అప్పుడప్పుడు తెరిచి చూసుకోండి" అనా? పొయ్యి పక్కన మరిచిపోయిన నీళ్ళబిందె వల్ల ఇల్లు కాలకుండా మిగిలిందనుకోండి. అంతమాత్రాన నీళ్ళబిందెలు మరిచిపోవడం మంచి అలవాటు అనం కదా!

ఇక డేటా మరీ శుభ్రంగా ఉంటుందన్న మాట. అది నిజమే. అయితే దానికి మందు వేరే ఉంది. విత్తనాన్ని మనమే వంకర టింకరగా తయారుచేయాలి. నిజమైన డేటాలో ఎదురైన ప్రతి విచిత్రాన్నీ మనిషిని వదిలేసి, విచిత్రాన్ని మాత్రం తీసుకుని ఒక వరుసగా రాసుకోవాలి. ఉదాహరణలు చెప్పమంటారా?

ఫిబ్రవరి 29న పుట్టినవాడు ఒకడుండాలి. 2012 ఫిబ్రవరి 29న మైక్రోసాఫ్ట్ వారి అజూర్ సేవలు ప్రపంచమంతటా తడబడడానికి కారణం, ఒక ధ్రువపత్రం గడువును ఏడాది తరువాతి అదే తేదీగా లెక్కగట్టడం. 2013లో ఫిబ్రవరి 29 ఎక్కడుంది? అలాగే పద్దెనిమిదేళ్ళు నిండని అమ్మాయి ఒకతె ఉండాలి. కాని ఆమె పుట్టిన సంవత్సరం రాసి ఊరుకుంటే కొన్నాళ్ళకు ఆమెకూ పద్దెనిమిది నిండి ఒక ఉదయం పరీక్ష ఓడిపోతుంది. కనుక పరీక్షలో గడియారాన్ని కూడా ఒక తేదీ దగ్గర ఆపి పెట్టాలి.

ఇంటిపేరు ముందు వచ్చేవాళ్ళు, ఇంటిపేరే లేనివాళ్ళు, ఒక్క అక్షరం ఇనిషియలు ఉన్నవాళ్ళు, పేరు మధ్య చుక్కలున్నవాళ్ళు ఉండాలి. తెలుగులో రాసిన పేర్లు తప్పకుండా ఉండాలి. 'శ్రీ' మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటరుకు అది నాలుగు సంకేతాలు, యూటీఎఫ్-8 పద్ధతిలో 12 బైట్లు. అక్షరాలూ బైట్లూ ఒకటేననుకుని రాసిన ప్రోగ్రాము 'శ్రీనివాసరావు' దగ్గర బోర్లా పడుతుంది. 2018 ఫిబ్రవరిలో జరిగింది మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. జ, ఞ కలిసిన మన 'జ్ఞా' అక్షరం ఒక ప్రత్యేక సంకేతంతో కలిసి వస్తే చాలు, ఐఫోనులో మెసేజీల ప్రోగ్రాము కుప్పకూలిపోయేది. ఆ నెల 19న యాపిల్ సంస్థ కొత్త వెర్షను పంపి సరిదిద్దింది. జ్ఞానమన్న మాటలోని మొదటి అక్షరమే యంత్రాన్ని మూర్ఛపోయేట్లు చేసిందంటే నవ్వొస్తుంది గాని, ఆ సంకేతాల వరుస ఏ పరీక్షా విత్తనంలోనైనా ఒక్కటి ఉండి ఉంటే అది ముందే దొరికేది. మన భాషకు ఇలాంటి అవమానాలు జరగకూడదంటే పరీక్షా డేటాలో తెలుగు వేయవలసింది మనమే. మరెవరో వచ్చి వేయరు.

నంబర్లు కూడా మనం తయారుచేసుకోవచ్చు. కార్డు నంబర్లకు లూన్ సూత్రం ఉంది. పరీక్షల్లో అందరూ వాడే 4111 1111 1111 1111 తీసుకోండి. ఎడమ నుంచి ఒకటి విడిచి ఒకటి రెట్టింపు చేసి అన్నీ కూడితే 30 వస్తుంది. పదితో భాగిస్తే శేషం లేదు, కనుక నంబరు లెక్కకు సరిపోతుంది, కాని ఎవరి డబ్బూ కదలదు. ఆధార్ పన్నెండు అంకెల్లో చివరిదానికి వెర్‌హోఫ్ సూత్రం ఉంది. ఆ సూత్రానికి కావాలనే సరిపోని నంబర్లు కొన్ని వేసి, ప్రోగ్రాము వాటిని తిప్పికొడుతుందో లేదో చూడాలి. లక్ష వరుసలు కావాలంటే యాదృచ్ఛిక సంఖ్యలతో పుట్టించుకోవచ్చు. మొదటి సంఖ్యను స్థిరంగా పెడితే ఎన్నిసార్లు పుట్టించినా అదే లక్ష వస్తుంది. ఆ మొదటి సంఖ్యను కూడా గణితంలో 'సీడ్' అనే అంటారు! ఈ రోజుల్లో కృత్రిమ మేధను అడిగితే వెయ్యి పేర్లు నిమిషంలో రాసిస్తుంది. రాసినవి సరిచూసుకునే బాధ్యత మాత్రం మనదే.

ఈ పని చేయడానికి ఎంత కాలం పడుతుంది? చిన్న ప్రోగ్రాముకు ఒకటి రెండు పూటలు. ఆ తరువాత రోజూ పడే కలుపు తీసినట్లు కొద్ది కొద్దిగా చేర్చుకుంటూ పోవడమే.

మన సంగతి

పరాయి దేశాల సంగతులు చాలు, మన ముంగిటికి వద్దాం. ఎక్కడి డిగ్రీ కళాశాలలోనైనా చివరి సంవత్సరం ప్రాజెక్టుల జాబితా చూడండి. విద్యార్థుల వివరాల నిర్వహణ, హాస్టలు నిర్వహణ, గ్రంథాలయ నిర్వహణ. వీటికి డేటా ఎక్కడిది? ఎవరో తెలిసినవాళ్ళ ద్వారా సంపాదించిన అసలు విద్యార్థుల జాబితా. అందులో పేరు, కులం, ఆదాయం, మార్కులు, ఇంటి చిరునామా, అమ్మాయిల ఫోను నంబర్లు సైతం ఉంటాయి. ఆ ఫైలు పెన్‌డ్రైవులో తిరుగుతుంది, వాట్సాప్‌లో తిరుగుతుంది, ఏటా సీనియర్ల నుంచి జూనియర్లకు వారసత్వంగా వస్తుంది. ఒక అమ్మాయికి ముక్కూ మొహం తెలియనివాళ్ళ నుంచి రాత్రిపూట ఫోన్లు వస్తుంటే, ఆ నంబరు ఎక్కడ నుంచి పాకిందో ఎవరు చెప్పగలరు? రేపు మనం ఉద్యోగాల్లో చేరతాం. ఇక్కడ ఏ అలవాటు పట్టుబడితే అక్కడా అదే చేస్తాం. ఇక్కడ నలభై మంది వివరాలు, అక్కడ నాలుగు కోట్ల మంది వివరాలు. తేడా అంతే.

అందుచేత మన విద్యార్థి సంఘం ముందూ, పూజ్యులైన అధ్యాపకుల ముందూ మూడు సూచనలు ఉంచుతున్నాను.

ఒకటి, ప్రాజెక్టు వైవాలో "ఈ డేటా ఎక్కడిది?" అన్న ప్రశ్న తప్పనిసరి కావాలి. నిజమైన మనుషుల వివరాలున్న ప్రాజెక్టును, ఆ మనుషులు ఒప్పుకున్నట్లు చూపకపోతే తీసుకోకూడదు.

రెండు, ప్రాజెక్టు ఏదైనా ఖాళీ కంప్యూటరులో, ఖాళీ డేటాబేసుతో, ఒక్క ఆదేశంతో లేచి నిలబడి పరీక్షలన్నీ నెగ్గాలి. "నా లాప్‌టాపులో పనిచేస్తోంది సార్" అన్న జవాబుకు మార్కులు ఉండకూడదు.

మూడు, విభాగం తరఫున ఒక ఉమ్మడి విత్తనాల మూట తయారుచేద్దాం. అందులో కల్పిత విద్యార్థులు, కల్పిత రైతులు, కల్పిత ఖాతాదారులు ఉంటారు. పేర్లు తెలుగులోనే ఉంటాయి, వంకరలన్నీ ఉంటాయి. పేర్లు కల్పించే పనికి తెలుగు శాఖ మిత్రులను ఆహ్వానిస్తున్నాను. మనకు తెలియని మాండలికపు పేర్లు, అరుదైన ఒత్తులు వాళ్ళకు తెలుసు. సాహిత్యానికీ సాఫ్ట్‌వేరుకూ పొత్తు కుదరదని ఎవరన్నారు? ఏటా వచ్చే తరగతి కొంత చేర్చుకుంటూ పోతే అయిదేళ్ళలో ఏ సంస్థకూ తీసిపోని విత్తన భాండారం మనకుంటుంది.

దీనికి నిధులు అక్కరలేదు. కావలసిన సాధనాలన్నీ ఉచితంగానే దొరుకుతాయి. కావలసిందల్లా, మనకు కనబడే ప్రతి వరుస వెనకా ఒక మనిషి ఉన్నాడన్న స్పృహ. ఆ మనిషి మనల్ని నమ్మి తన వివరాలు ఇచ్చాడు. ఆ నమ్మకాన్ని పరీక్షలకు ఖర్చు పెట్టే హక్కు మనకు లేదు. వచ్చే విద్యా సంవత్సరం మొదటి వారంలోనే ఈ మూట విప్పి పని మొదలుపెడదాం. చేయి కలిపేవాళ్ళు కంప్యూటరు ప్రయోగశాల బయట బోర్డు మీద పేరు రాయండి. అసలు పేరే రాయండి, అది మాత్రం పరీక్షకు కాదు, పనికి!

— బి.ఎస్సి. తృతీయ సంవత్సరం విద్యార్థి